రూతమ్మ కారులో పెద్దాయన

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో రక్తం చిక్కబడుతుంది, ఒక గుండె ఆగే అంచుదాకా పోయి తిరిగొస్తుంది, ఒక రాజ్యం కోసం అక్కాతమ్ముళ్లు తలపడతారు, కొండలు దాటి మూడు ఊళ్ల మీదుగా ఒక దండయాత్ర సాగుతుంది.

అని మొదలుపెట్టినాను గానీ, చదివి చూసుకుంటే నాకే సిగ్గేసింది. రక్తం అంటే ఇంజన్ ఆయిల్. గుండె అంటే ఇంజన్. రాజ్యం అంటే ఒక కారు తాళం. దండయాత్ర అంటే మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయి, అన్నం తిని రావడం. కొండలు మాత్రం నిజమే, అయితే వాటి నడుమ తారు రోడ్డు ఉంది.

2024 డిసెంబరు. మదనపల్లెలో టమోటా మార్కెట్ యార్డుకు పోయే దారిలో మా షెడ్డు. అంతకుముందు బెంగళూరులో ఒక షోరూంలో కొన్నేళ్లు హైబ్రిడ్ కార్ల పని చేసి వచ్చినాను గనక, షెడ్డు ముందర "హైబ్రిడ్ చూడబడును" అని బోర్డు రాయించినాను. బోర్డు చూసి వచ్చిన మొదటి మనిషి హైబ్రిడ్ టమోటా నారు ఎంతకిస్తావని అడిగినాడు. రెండో మనిషీ అదే అడిగినాడు. మూడో మనిషి నోరు తెరవకముందే "నారు లేదప్పా" అని పంపించేసినాను. ఆయనకు నిజంగానే హైబ్రిడ్ కారు ఉందని తర్వాత తెలిసింది.

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. హైబ్రిడ్ అంటే ఒకే బండిలో పెట్రోల్ ఇంజనూ, బ్యాటరీతో తిరిగే మోటారూ రెండూ ఉండేది. మెల్లగా పోయేటప్పుడు మోటారు ఒక్కటే లాగుతుంది, ఇంజన్ ఆగిపోయి ఉంటుంది. గట్టిగా తొక్కినా, మిట్ట ఎక్కినా, బ్యాటరీ తగ్గినా ఇంజన్ తనంతట తాను లేచి పనిలోకి దిగుతుంది. పని తీరగానే మళ్లీ పడుకుంటుంది. పిలిస్తేనే లేచే ఉద్యోగి అన్నమాట. కానీ పిలిస్తే మాత్రం లేస్తుంది, అంతవరకు మెచ్చుకోవాలి.

రూతమ్మ కారు మా షెడ్డులోకి వచ్చిన సంగతి నాకు తెలియనే లేదు. ఏదో బండి బోనెట్ కింద తల పెట్టి ఉండినాను. తల ఎత్తేసరికి పక్కన ఒక తెల్ల కారు, అందులో అరవై దాటిన ఒకామె, నన్ను చూసి నవ్వుతా ఉంది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. సర్వీసులో ఎక్కువ భాగం నైట్ డ్యూటీలే. రిటైరైనాక ఇంట్లో కూచోలేక, ఊర్లో మంచం పట్టిన ముసలివాళ్ల ఇళ్లకు రోజూ పొద్దున్నే పోయి కట్లు మార్చి, ఒళ్లు తుడిచి, ట్యూబులు శుభ్రం చేసి వస్తుంది. వెనక సీటు నిండా దూది, గాజుగుడ్డ, ఒక ప్లాస్టిక్ బకెట్టు, మడిచిపెట్టిన గాలి పరుపు.

"వందనాలు నాయనా. సెకండ్ ఒపీనియన్‌కు వచ్చినా," అనింది.

మొదటి ఒపీనియన్ ఎవరిదో ఆమే చెప్పుకొచ్చింది. కారు నిజానికి ఆమె తమ్ముడు జయరాజుది. ఆయనకు కుప్పంలో గ్రానైట్ పాలిష్ పెట్టే యూనిట్ ఉంది. రెండేళ్ల కింద తాను పెద్ద బండి కొనుక్కుని ఇది అక్కకు ఇచ్చినాడు. ఇచ్చినాడే గానీ, అక్కకు బండి నడపడం రాదని ఆ రోజు నుంచే ఆయన గట్టి నమ్మకం. ఆయన బండ్లన్నీ చూసేది పుంగనూరులో ఉండే రెడ్డెప్ప. ట్రాక్టర్లు, లారీలు, జీపులు, ఏది ఆగినా ఆ చుట్టుపక్కల రెడ్డెప్పనే పిలుస్తారు. ఆయన ఏదో పనిమీద మదనపల్లెకు వస్తా ఉంటే, అక్క కారు కూడా ఒకసారి చూసి రమ్మని జయరాజు చెప్పినాడు. రెడ్డెప్ప వచ్చి బోనెట్ ఎత్తి, ఇంజన్ ఆయిల్ పోసే మూత తిప్పినాడు. మూత లోపలి పక్కన తెల్లగా, జిగటగా మీగడ పేరుకుని ఉంది.

ట్రాక్టర్లో అది కనిపిస్తే మామూలుగా ఒకటే అర్థం. హెడ్ గాస్కెట్ పోయింది. ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ నడుమ పలచటి రేకు మాదిరి ఉండేదాన్ని హెడ్ గాస్కెట్ అంటారు. అది చెడితే ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు పోయి ఆయిల్లో కలుస్తాయి, ఆయిల్ పాలరంగుకు తిరుగుతుంది. ఇంజన్ దించాల్సిందే. రెడ్డెప్ప ఆ ముక్క కుప్పానికి ఫోన్ చేసి చెప్పినాడు. జయరాజు అక్కకు ఫోన్ చేసి ఇంకా చిన్న ముక్క చెప్పినాడు. ఆదివారం వస్తాను, తాళం ఇచ్చెయ్, బండి అమ్మేస్తాను, నువ్వు ఆటోలో తిరుగు.

ఆటోలో పోతే ఏమమ్మా అని అడిగినాను. వాహనాల పని చేసేవాడు అడగదగిన ప్రశ్న కాదు గానీ, నోట్లోంచి వచ్చేసింది.

"రోజుకు ఏడెనిమిది ఇండ్లు తిరుగుతాండా నాయనా. ఒక్కో ఇంట్లో అరగంట, ముప్పావు గంట. ఆటోవాళ్లు అంతసేపు నిలబడరు. మళ్లీ ఇంకోటి పట్టుకోని, ఈ పరుపూ బకెట్టూ ఎత్తుకోని తిరిగితే రెండిండ్లు అయితాయి. మిగతావాళ్లల్లో ఎవరిని తడిగుడ్డల్లో పడుకోమనాల్నో నువ్వే చెప్పు."

నేను పోయి మూత తిప్పినాను.

మీగడ ఉంది. మంచి మీగడే. పాల డెయిరీలుండే పలమనేరు పక్కన అయితే కొలిచి కొనుక్కుని పోయేవాళ్లు. కానీ డిప్‌స్టిక్, అంటే లోపల ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల, బయటికి తీస్తే దాని మీద పాలరంగు లేదు. నల్లగా, చిక్కగా ఉంది, కొంచెం పెట్రోల్ వాసన కొడతా ఉంది, గీత కంటే ఒక పిసరు పైకి ఉంది. చల్లబరిచే నీళ్లను మా భాషలో కూలెంట్ అంటాం. దాని డబ్బా చూస్తే ఉండాల్సిన గీత దగ్గరే ఉంది. గాలి పంపు పెట్టి ఒత్తిడి ఎక్కించి కాసేపు వదిలినా ముల్లు కిందికి దిగలేదు. గాస్కెట్ పోయి నీళ్లు ఆయిల్లోకి వచ్చుంటే, డబ్బాలో నీళ్లు తగ్గాలి కదా. తగ్గలేదు. మరి మూత కింద ఆ నీళ్లు ఎక్కడివి?

రూతమ్మను అడిగితే ముందు ఆయిల్ సంగతి తేలింది. కిందటేడు వేసవిలో ఆయిల్ మార్చింది కూడా రెడ్డెప్పే. కంపెనీ ఆయిల్ నీళ్ల మాదిరి ఉంది, ముసలామె బండికి బలం చాలదని ప్రేమగా 20W-50 పోసినాడు. మూత మీద అచ్చుగుద్ది ఉన్నది 0W-16. ఈ అంకెలు జాతకం మాదిరి కనిపిస్తాయి గానీ విషయం చిన్నది. ముందరి అంకె, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తొందరగా పారుతుందో చెబుతుంది. ఎంత చిన్నదైతే అంత చురుకు. వెనక అంకె, కాగినాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. మామూలు కారులో ఇంజన్ పొద్దున ఒకసారి స్టార్టయితే ఇల్లు చేరేదాకా తిరుగుతుంది. హైబ్రిడ్‌లో ఒక్క ప్రయాణంలోనే మాటిమాటికీ ఆగుతుంది, లేస్తుంది. లేచిన ప్రతిసారీ ఆయిల్ ఆ క్షణమే పైదాకా ఎక్కాలి. చిక్కటి ఆయిల్ బయలుదేరి పైకి పోయేసరికి ఇంజన్ పని ముగించుకుని మళ్లీ పడుకుని ఉంటుంది.

అయినా చిక్కటి ఆయిల్ మీగడ పుట్టించదు. ఇంకేదో ఉంది. రేపు పొద్దున మీ వెంట వస్తానమ్మా అన్నాను. ఆమె ముందు నా గోళ్లు చూసి, చేతులు కడుక్కుని రావాలనింది.

మరుసటి రోజు మిషన్ కాంపౌండ్ పక్కన ఆమె ఇంటి దగ్గర కారెక్కినాను. స్కానర్ ఒకటి తగిలించినాను. ఇంజన్ లోపలి సంగతులు ఫోన్‌లో చూపించే చిన్న పెట్టె అది. రూతమ్మ తలమీద కొంగు కప్పుకుని ప్రార్థన చేసింది. అందరు రోగుల పేర్లూ వచ్చినాయి, నా పేరూ వచ్చింది, రెడ్డెప్ప పేరు కూడా వచ్చింది. ఆమెన్ అని పవర్ బటన్ నొక్కింది. చల్లగా ఉన్నప్పుడు ఈ ఇంజన్లు మొదట ఒక నిమిషం తమంతట తాము తిరుగుతాయి. ఆమె స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అది ఆగేదాకా ఓపిగ్గా కూచుంది.

"పొద్దున్నే దగ్గుతాడు పెద్దాయన. దగ్గినాక పడుకుంటాడు. అప్పుడు పోదాం."

ఇంజన్ ఆగింది. కారు కదిలింది.

ఇక్కడ నేను జోకులు పక్కనపెట్టి ఒక మాట చెప్పాలి. బెంగళూరులో మాకు హైబ్రిడ్ ఎట్లా నడపాలో నేర్పించినవాళ్లను చూసినాను. వాళ్లెవరూ రూతమ్మ మాదిరి నడపలేరు. స్పీడ్‌బ్రేకర్ ఇంకా కనిపించకముందే కాలు ఎత్తేస్తుంది, దాని దగ్గరికి వచ్చేసరికి బండి తనంతట తానే మెత్తబడి ఉంటుంది. ఏ వీధి ఏ పక్కకు వాలి ఉందో ఆమెకు అరికాలుతో తెలుసు. నీరుగట్టువారిపల్లెలో మగ్గాల చప్పుడు నడుమ, ఆటోలు, ఎద్దులబండి, బడికి పోయే పిల్లల మధ్య నుంచి కారు నీడ జారినట్టు జారింది. కుడికి తిరిగితే దగ్గరయ్యే ఇంటికి చుట్టూ తిరిగి పై వీధి నుంచి దిగింది. ఎందుకమ్మా అంటే, కుడిపక్క మిట్ట ఉంది, పెద్దాయన లేస్తాడు అనింది. ఒక ఇల్లు నిజంగానే మిట్ట మీద ఉంది, దానికి వేరే దారి లేదు. ఆమె కారు కింద ఆపి, బకెట్టూ పరుపూ ఎత్తుకుని నడిచి ఎక్కింది. పరుపు నేను తీసుకున్నాను. అంత దుర్మార్గుణ్ణి కాదు.

"హైవే ఎక్కరా అమ్మా?" అని అడిగినాను.

"ఆడ పోతే లేస్తాడు, మళ్లీ పడుకోడు. మాట మెల్లగా మాట్లాడు."

అప్పటికి చాలాసేపటి నుంచి నేనూ గుసగుసగానే మాట్లాడతా ఉండినానని అప్పుడు గమనించినాను. నైట్ డ్యూటీల్లో చెప్పుల చప్పుడు కాకుండా వార్డంతా తిరిగిన మనిషి. లైటు వేయకుండా సెలైన్ మార్చిన మనిషి. ఆమెకు ఇంజన్ ఒక పేషెంటు, నిద్ర ఒక మందు. లోకమంతా పెట్రోల్ ఆదా కోసం హైబ్రిడ్ కొంటే, ఈమె ఎవరి నిద్రా చెడకూడదని నడుపుతా ఉంది.

మధ్యలో ఫోన్ వైపు ఒకసారి చూసి అడిగింది.

"టెంపరేచర్ ఎంత?"

"నలభై ఎనిమిదమ్మా."

"దేవా. అంత జరమా?"

"జరం కాదమ్మా, చలి. ఇంజన్ ఎనభై ఐదు, తొంభైకి రావాలి."

ఆ పొద్దున అన్ని ఇళ్లూ తిరిగినా అది యాభై ఐదు దాటలేదు. సంగతి అర్థమైంది. పెట్రోల్ కాలినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఇంజన్ బాగా కాగితే ఆ ఆవిరి బయటికి పోతుంది. కాగకుండా సగం వెచ్చదనంలో ఆగిపోతే, అన్నం గిన్నె మూత కింద చెమట పట్టినట్టు లోపలే నీరవుతుంది. ఆ నీరూ ఆయిలూ కలిసి మూత కింద మీగడ. సరిగ్గా కాలని పెట్రోల్ కూడా కొంత ఆయిల్లోకి దిగుతుంది, పుల్ల మీద వాసన అదే. పైగా డిసెంబరు చలి. రెండేళ్లుగా పెద్దాయన ఒక్కరోజు కూడా పూర్తిగా నిద్ర లేవలేదు.

ఇప్పుడిది ఆమెకు చెప్పాలి. నీ బ్రేకులు పోయినాయని చెప్పడం నాకు తెలుసు. నీ మేనల్లుడు నీ బండిని చెరువులో దింపినాడని కూడా ఒకసారి చెప్పినాను. నువ్వు బాగా నడిపినందుకే బండి చెడిపోయిందని ఎవరికీ చెప్పలేదు. ఆఖరి ఇంట్లోంచి ఆమె చేతులు తుడుచుకుంటా బయటికి వచ్చినాక, కారు పక్కన నిలబడి అంతా చెప్పినాను. సినిమాలో అయితే ఇక్కడ వయొలిన్ వస్తుంది. మాకు పక్కింటి మిక్సీ వచ్చింది.

మిక్సీ ఆగినాక ఆమె వెనక్కి తిరిగి ఆ ఇంటి వాకిలి చూపించింది.

"లోపలుండే అవ్వకు నడుం మీద పుండు యాల పడిందో తెలుసునా నీకు? కొడుకు శానా మంచోడు. కదిలిస్తే అమ్మకు నొస్తాదని నెలలపాటు కదిలీకుండా పడుకోబెట్టినాడు. ఎట్ల తిట్టినానో వాణ్ణి." బోనెట్ మీద చెయ్యి పెట్టింది. "నేనూ అదే పని చేసినా గదా నాయనా. పెద్దాయనకు పడక పుండ్లు తెప్పించినా."

"పుండు కాదమ్మా, మీగడే. గుడ్డతో తుడిస్తే పోతుంది," అన్నాను. ఓదార్చే విద్య నాకు అంతవరకే వచ్చు.

నర్సుకు రోగం అర్థమైతే ఇక మందు గురించి మనం చెప్పే పని లేదు. ఆమే చెప్పింది. కట్టు మార్చాలి, తర్వాత లేపి నడిపించాలి. కట్టు అంటే ఆయిలూ, ఫిల్టరూ. 0W-16 మదనపల్లెలో ఆ వారం ఏ షాపులోనూ దొరకలేదు. బెంగళూరుకు టమోటా లోడు తీసుకుపోయిన లారీ డ్రైవరు ఒకాయన తిరిగి వచ్చేటప్పుడు తెచ్చి ఇచ్చినాడు. శుక్రవారం పాత ఆయిల్ దించి, మూత తుడిచి, కొత్తది పోసినాను. ఇక నడిపించడం. ఆదివారం తమ్ముడు వచ్చి తాళం అడిగేదాకా ఎందుకు, శనివారం మనమే కుప్పం పోదామనింది రూతమ్మ. దారిలో రెడ్డెప్పను కూడా కలవాలనింది. జయరాజు నా మాట నమ్మడు, ఆమె మాట అసలే నమ్మడు, రెడ్డెప్ప మాట ఒక్కటే నమ్ముతాడు.

శనివారం పుంగనూరులో రెడ్డెప్ప ఒక ట్రాక్టర్ కింద పడుకుని ఉండినాడు. బయటికి వచ్చి, నేను చెప్పిందంతా విన్నాడు. వాదించలేదు, నవ్వలేదు. డిప్‌స్టిక్ తీసి, కొత్త ఆయిల్‌ను రెండు వేళ్ల మధ్య రాసి చూసినాడు.

"ఇది ఆయిలా అప్పా? తీర్థం మాదిరి ఉండాది."

"నీ ట్రాక్టర్‌కు పోస్తే తీర్థమే రెడ్డెప్పా. దీనికి ఇదే కొలత. మూత మీద వాళ్లే రాసినారు."

ఆయన మూత మీది అంకెలు చదివినాడు. నీళ్ల డబ్బా వైపు వంగి చూసినాడు. జేబులోంచి స్కెచ్ పెన్ను తీసి, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో అక్కడ డబ్బా మీద గీత గీసినాడు. తర్వాత చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని వచ్చి వెనక సీట్లో పరుపు పక్కన కూచున్నాడు.

"కుప్పం దాకా నేనూ వస్తా. ఆడ బండి సల్లారినాక నీళ్లు గీత దిగినాయంటే, నీ బోర్డు నేనే పీకి మంట్లో పెడతా."

"దిగకుంటే?"

"దిగకుంటే జయరాజు ఇంట్లో సంగటి తినేసి వస్తాం."

బయలుదేరినాం. ఇంతవరకు నేను పొగిడిన డ్రైవరమ్మ హైవే మీద కనబడలేదు. ఊర్లో నీడ మాదిరి జారే మనిషి, ఖాళీ రోడ్డు మీద ఆటో కంటే మెల్లగా పోతా ఉంది. ఇంజన్ లేచినప్పుడల్లా "పడుకో నాయనా, పడుకో" అని కాలు ఎత్తేస్తుంది. అది పాపం పడుకుంటుంది. ఊరు దాటగానే ఒక పుంగనూరు ఆవు, మేక కంటే కాస్త ఎత్తుంటుంది, రోడ్డు దాటడానికి వచ్చింది. రూతమ్మ దానికోసం ఎంత ముందు నుంచి నెమ్మదించిందంటే, ఆవు మనసు మార్చుకుని వెనక్కి పోయింది.

"తొక్కమ్మా," అన్నాను.

"లేస్తాడు."

"లేయనీ సిస్టరమ్మా," అన్నాడు వెనక నుంచి రెడ్డెప్ప. "నీ పేషెంట్లు లేసి కూచుంటే నువ్వు పడుకోమంటావా?"

ఆ మాట పనిచేసింది. పలమనేరు దాటినాక వి.కోట రోడ్డులో మా ముందర టమోటా బాక్సుల లారీ ఒకటి పోతా ఉంది. రూతమ్మ చాలాసేపు దాని వెనకే పోయి, అద్దాలు చూసుకుని, హారన్ కొట్టి, "క్షమించు పెద్దాయనా" అని గట్టిగా తొక్కింది. ఇంజన్ నోరు తెరిచి అరిచింది. లారీ వెనకపడింది. డ్రైవింగ్ నేర్చుకున్నాక ఆమె ఒక లారీని దాటడం అదే మొదటిసారి అంట. చారిత్రక ఘట్టమే. లారీవాడు మాత్రం బీడీ వెలిగించుకోవడానికి నెమ్మదించి ఉండినాడు.

"టెంపరేచర్ ఎంత?" అని అడిగింది ఊపిరి తీసుకుని.

"ఎనభై ఎనిమిది."

"నార్మలేనా?"

"ఇన్నాళ్లకు నార్మలమ్మా."

కుప్పంలో జయరాజు గేటు ముందరే నిలబడి ఉండినాడు. పెద్ద మనిషి, పెద్ద గొంతు. మమ్మల్ని కాదు, కారు కింద చూసినాడు, ఏమైనా రాలి పడతా ఉందేమోనని. ఇంజన్ దించాల్సిన బండిని ఇంత దూరం తోలుకొస్తావా, నడి రోడ్డులో పట్టేసి ఉంటే ఎవరు వచ్చేవాళ్లు, నీకు మొదటి నుంచీ చెప్తాండానని అక్క మీద అరిచినాడు. అరుస్తానే చెయ్యి చాచినాడు. రూతమ్మ తాళం తీసి ఆ చేతిలో పెట్టింది. నేను రెడ్డెప్ప వైపు చూసినాను. ఆయన బోనెట్ ఎత్తి, చల్లారనీ అన్నాడు.

ఇక్కడ ఉత్కంఠగా చాలా రాయొచ్చు. నిజానికి ఇంజన్ చల్లారేదాకా మేము మజ్జిగ తాగినాం.

చల్లారినాక రెడ్డెప్ప డబ్బా దగ్గర వంగినాడు. నీళ్లు గీత మీదే ఉన్నాయి. ఆయిల్ మూత తిప్పి, లోపలి పక్క వేలితో రాసి, ఆ వేలు జయరాజుకు చూపించినాడు. తేనెరంగు ఆయిల్, అంతే.

"గాస్కెట్ బాగుండాది. నేను ట్రాక్టర్‌ను సూసినట్ల సూసినా. తప్పు నాదే," అన్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయన గొంతు తగ్గించలేదు, పెంచలేదు. నట్టు సైజు చెప్పినట్టు చెప్పినాడు. నేను ఈ పనిలోకి వచ్చినాక అంత తేలిగ్గా తప్పు ఒప్పుకున్న మెకానిక్‌ను చూడలేదు, అద్దంలో కూడా.

జయరాజు ఒప్పుకోలేదు. "అయితే అక్క ఏదో చేసింటాది. ఆమెకు నడపడం రాదప్పా."

"రాదని నువ్వంటాండావు. రోగం వచ్చిందే బాగా నడిపినందుకు. ఎక్కి సూడు," అన్నాడు రెడ్డెప్ప.

తాళం అక్కకు ఇచ్చి ముందు సీట్లో కూచున్నాడు జయరాజు. వెనక మేమిద్దరం. కుప్పం వీధుల్లో రూతమ్మ మళ్లీ పాత రూతమ్మ అయింది. మలుపులు వచ్చినాయి, పోయినాయి. జయరాజు కాసేపు రోడ్డు చూసినాడు, కాసేపు అక్క కాళ్లు చూసినాడు. తర్వాత తల వంచి ఏదో విన్నాడు.

"ఏందక్కా, బండి ఆఫైందా?"

"పెద్దాయన నిద్రపోతాండాడు. గట్టిగా మాట్లాడబాక."

"సరే," అన్నాడు జయరాజు, గుసగుసగా.

నాకు అప్పుడే తెలిసింది తాళం ఎవరి దగ్గర ఉంటుందో. అయినా ఇంటి ముందర ఆగినాక ఆయన ఇంకో మాట అడిగినాడు, మమ్మల్ని చూడకుండా, అద్దంలోంచి బయటికి చూస్తా.

"కారు నీకు యాల ఇచ్చినా అనుకున్నావు? ఆస్పత్రి పనికా? నువ్వు ఈడికి వచ్చిపోతా ఉంటావని. రెండేండ్లాయ. ఒకసారన్నా వచ్చినావా?"

"రోడ్డెక్కితే పెద్దాయన లేస్తాడని..."

"లేయనీ. నేను లేసే ఉండాను గదా."

ఆమె తాళం మళ్లీ ఆయన ముందర పెట్టింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఆమె చేతిలోనే పెట్టినాడు. వెనక సీట్లో రెడ్డెప్ప ముక్కు చీదుకున్నాడు. చెల్లమ్మో తమ్ముడో గుర్తొచ్చుంటారనుకున్నాను. పరుపు దుమ్మంట.

"తాళంలో చిన్న బ్యాటరీ అయిపోతాంది, మార్పించుకో," అన్నాడు జయరాజు. మేము పోయి సంగటి తిన్నాం.

ఇప్పుడు రూతమ్మ నెలకొకసారి కుప్పం పోతుంది. దానితోపాటు వారానికొకసారి పెద్దాయనను పుంగనూరు దాకా నడిపించుకొస్తుంది. ఉత్తినే పోవడం ఎందుకని ప్రతివారం ఒక పేషెంటును ముందు సీట్లో కూచోబెట్టుకుంటుంది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి గది దాటని ఒక తాతను మొన్న నేనే ఎత్తి కూచోబెట్టినాను. పోయేటప్పుడు ఒక్క మాట లేదు. వచ్చేటప్పుడు కొండలు చూసి, చింతతోపులు చూసి, పొలాల్లో కట్టెలు పాతి కట్టిన టమోటా చెట్లు చూసి నోరు విప్పినాడంట. నేను కళ్లు తుడుచుకోవడానికి సిద్ధమై, ఏమన్నాడమ్మా అని అడిగినాను. ఏసీ తగ్గించమన్నాడంట.

ఈ కేసు నాకు నేర్పింది ఏమంటే, హైబ్రిడ్‌కు ఆయిల్ మార్చే లెక్క మీటరు ఒక్కటే చెప్పదు. ఈ బండికి పుస్తకంలో రాసింది పదివేల కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందొస్తే అది. రూతమ్మ తిరిగింది తక్కువ కాబట్టి ఆయిల్ ఇంకా కొత్తదేనని అందరూ అనుకున్నారు. కిలోమీటర్లు నిండలేదు గానీ సంవత్సరం ఎప్పుడో దాటిపోయింది. పైగా ఊర్లోనే చిన్న చిన్న దూరాలు, ఇంజన్ కాగకుండా తిరిగే బండికి ఆ గడువులో సగానికే మార్చాలి. ఏ ఆయిల్ పోయాలో మూత మీద ఉంటుంది, మన ప్రేమను బట్టి చిక్కబడదు. వారానికి ఒకసారైనా ఇంజన్‌ను అరగంటసేపు బాగా కాగేటట్టు నడపాలి. మూత కింద మీగడ కనిపించగానే ఇంజన్ దించకుండా, ముందు నీళ్లు తగ్గినాయా లేదా చూసుకోవాలి. మనుషుల గురించి కూడా ఈ కేసు నాకు ఏదో పెద్ద విషయం నేర్పింది. ప్రేమగా పడుకోబెట్టడానికీ, ప్రేమగా లేపడానికీ మధ్య ఉండే తేడా అది. దాన్ని ఇక్కడ గొప్పగా రాద్దామనుకునే లోపల షెడ్డులో పని గుర్తొచ్చింది.

ఆయిల్ దించినప్పుడల్లా కింద ఆయిల్ వదిలే డ్రెయిన్ బోల్టుకుండే వాషర్ కూడా కొత్తది వెయ్యండి. పాతదే వేస్తే కారుతుంది.